కొత్త బట్టీ వచ్చింది, ఆదివారం మొదటి పరీక్ష. ముందు ఏమేం చూసుకోవాలె? (నిమ్మగడ్డి నూనె)

గట్టుమీద_గడ్డి | వికారాబాద్ జిల్లా | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుకుంటనే ఉన్న గానీ రాయడం ఇదే మొదలు. బడిల సైన్సు చెప్త. ఊళ్ళె మాకు ఎకరంన్నర ఉంది. ఏం పెట్టినా కోతులు, అడివిపందులు ఉంచుతలేవని మూడేళ్ళ కింద గట్ల పొంట నిమ్మగడ్డి పిలకలు పెట్టినం. దాన్ని ఏదీ ముట్టలేదు. ఇప్పుడది నడుమెత్తు పెరిగి కూసుంది. చాయ్‌ల వేసుకోను ఎంతని కావాలె?

అందుకే ఆవిరితోటి నూనె తీయనీకె ఒక బట్టీ చేయించుకున్న. 25 లీటర్ల స్టీలు గుండిగ, అడుగు నుంచి నాలుగించుల ఎత్తుల చిల్లుల పళ్ళెం, మూత మీద నుంచి ముప్పావు ఇంచు గొట్టం, అది పోయి రెండడుగుల చల్లార్చే గొట్టంల కలుస్తది (గొట్టంల గొట్టం, బయటిదాంట్ల చల్లనీళ్ళు). మూతకు నాలుగు క్లాంపులు, నల్ల రబ్బరు రింగు. 11,500 అయింది. ఆదివారం నాలుగు కిలోల గడ్డి కోసి పెడదామనుకుంటున్న. ఇంట్ల గ్యాసు పొయ్యి మీదనే.

ఆటోల నుంచి దించేటప్పుడు పక్కింటి తాత చూసి "టీచరమ్మా, సారా బట్టీ తెచ్చినవా" అన్నడు. ఊరంత అదే ముచ్చట.

ఆవిరికుండ | నిర్వాహకులు | పాడేరు | శుక్రవారం రాత్రి 10:05

స్వాగతం టీచరు గారూ. ముందు తాత గారి ప్రశ్నకు జవాబు, కొత్తగా వచ్చే అందరి కోసం. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టాన్నే తెలంగాణ కూడా తీసుకుంది. లైసెన్సు లేకుండా సారా కాయడమే కాదు, కాయాలనే ఉద్దేశంతో పరికరాలు ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. మన వేదికలో నూనెలు, పన్నీరు, అర్కాలు (మూలికల ఆవిరినీళ్ళు) మాత్రమే. ఎవరైనా వచ్చి చూస్తామంటే తలుపు తీసి చూపించండి, గడ్డి వాసన చూస్తే వాళ్ళకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఆదివారం గడ్డి వెయ్యకండి. వట్టి నీళ్ళతో ఒకసారి నడపండి. నేను మొదటిసారి ఆ ఓపిక లేక ఏడు కిలోల కామాక్షి కసువు (అదీ వాసన గడ్డే) పాడు చేసుకున్నాను. నూనె అంతా మిషను గ్రీజు కంపు.

స్టీలుపని | విజయవాడ, ఆటోనగర్ | శుక్రవారం రాత్రి 10:31

నేను ఇవి చేసేవాణ్ణే కాబట్టి చెప్తున్నా. కొత్త గుండిగ లోపల కంటికి కనపడని సరుకు చాలా ఉంటుందండి. మెరుపు కోసం బఫింగ్ చేసేటప్పుడు మైనం లాంటి ముద్ద రుద్దుతాం, అది అతుకుల దగ్గర ఇరుక్కుంటుంది. రేకు వంచేటప్పుడు పూసిన నూనె, వెల్డింగు మరకలు తీసే యాసిడ్ పేస్టు, అన్నీ అందులోనే. మరిగే నీళ్ళలో గిన్నెల సబ్బు వేసి పీచుతో అతుకులన్నీ రుద్దండి. గొట్టంలోకి తాడు కట్టిన గుడ్డ దూర్చి అటూ ఇటూ లాగండి. తెల్ల గుడ్డ నల్లగా వస్తుంది, చూడండి.

తర్వాత నీళ్ళలో అర లీటరు వంటింటి వెనిగర్ కలిపి ఆవిరి పట్టండి. వచ్చింది పారబోయండి. ఆపైన మంచినీళ్ళతో ఇంకోసారి.

ఆ నల్ల రబ్బరు రింగు మాత్రం తీసి అవతల పారెయ్యండి. నిమ్మగడ్డి నూనె రబ్బరును తినేస్తుంది, రబ్బరు వాసన నూనెలో దిగుతుంది. ఇద్దరికీ నష్టమే.

కడపోడు | శుక్రవారం రాత్రి 11:02

అన్నా, రబ్బరు తీసేస్తే మూత సందులోంచి ఆవిరంతా పోదా? నా దాంట్లో అదే రింగు ఉండాది, ఆర్నెల్లయింది, బాగానే ఉండాది.

స్టీలుపని | శుక్రవారం రాత్రి 11:08

మీ నూనె సీసా మూత తీసి ఒకసారి టైర్ల కొట్టు గుర్తొస్తుందేమో చూడండి.

కడపోడు | శుక్రవారం రాత్రి 11:20

...వస్తాది. నేను గడ్డి వాసనే అట్ల ఉంటాదనుకున్యా ఇన్నాళ్ళూ.

పన్నీటి_బుడ్డి | శనివారం ఉదయం 6:15

రబ్బరూ వద్దు, సిలికానూ వద్దు. మైదా పిండి గట్టిగా కలిపి, తాడులా పేని, మూత చుట్టూ అంటించండి. మా అమ్మ చేతి దమ్ బిర్యానీకి అదే, నా గులాబీ బట్టీకి అదే. వేడికి గట్టిపడి రాయిలా పట్టుకుంటుంది. ఇంకో లాభం ఉంది. గొట్టంలో ఏదైనా అడ్డం పడి లోపల ఒత్తిడి పెరిగితే ముందు పగిలేది పిండే. క్లాంపులు నాలుగూ బిగించేస్తే ముందు పగిలేది ఏంటో నేను చెప్పక్కర్లేదు.

స్టీలుపని | శనివారం ఉదయం 7:40

ఇది నేను ఒప్పుకోను. పిండి ఒక పక్క పగిలితే ఆవిరి నేరుగా మనిషి మీదకే వస్తుంది. సిలికాన్ రింగు, క్లాంపులు, మూత మీద చిన్న సేఫ్టీ వాల్వు. పద్ధతిగా ఉంటుంది.

రసాయనం_మాస్టారు | రిటైర్డు లెక్చరరు, రాజమండ్రి | శనివారం ఉదయం 8:12

ఇద్దరి మాటా సగం సగం తీసుకోవచ్చు. ఈ బట్టీ ప్రెషర్ కుక్కర్ కాదు. దీని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కాబట్టి లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో దాదాపు సమానంగా ఉండాలి. మూత ఆవిరిని ఆపితే చాలు, ఒత్తిడిని ఆపనక్కర్లేదు. మైదా అంటించి, క్లాంపులు రెండే, అవీ వేలితో బిగినంత మేరకు పెట్టుకోండి అమ్మా.

దీనికన్నా ముఖ్యమైనవి రెండు. ఒకటి, మంట పెట్టే ప్రతిసారీ ముందు గొట్టం చివర నోరు పెట్టి ఊదండి, గాలి గుండిగలోకి హాయిగా వెళ్ళాలి. రెండు, చుక్కలు పడే గొట్టం చివరను కింద సీసాలోని నీళ్ళలో ముంచకండి. మంట తగ్గించగానే లోపల ఆవిరి కుంచించుకుపోయి, చల్లటి నీటిని వెనక్కి గుండిగలోకి లాగేస్తుంది. మా కాలేజీ ప్రయోగశాలలో ఏటా ఒక బ్యాచి ఈ పని చేసేది.

సీసాను పొయ్యికి దూరంగా పెట్టండి. ఆ నూనె మండుతుంది.

కివీ_పిట్ట | ఆక్లండ్ | శనివారం ఉదయం 9:30

మా న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో మద్యం కాచుకోవడం చట్టబద్ధమే, బట్టీలు దుకాణాల్లో అమ్ముతారు. (నిర్వాహకులు గారూ, ఇంతకు మించి ఆ మాట ఎత్తను!) నేను కాచేది లావెండరే. ఇక్కడ కూడా కొత్త బట్టీ కొన్నవాళ్ళు మొదట వెనిగర్‌తో, తర్వాత పారబోయడానికే ఒక వాయి నడుపుతారు. ఆ వాయి దేవుడికి అనుకోవాలి అంటారు మా ఆయన.

ఇత్తడి_బిందె | శనివారం మధ్యాహ్నం 12:50

స్టీలు ఎందుకు కొన్నారమ్మా? రాగి అయితే ఆ వాసనే వేరు. అత్తర్లకు పేరుపడ్డ కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి దేగ్ (గుండిగ), వెదురు గొట్టం, నీళ్ళ తొట్టిలో భప్కా (ఆవిరి వచ్చి చేరే కుండ). మూతకు మట్టి మెత్తుతారు. నేను కళ్ళారా చూసి వచ్చాను.

రసాయనం_మాస్టారు | శనివారం మధ్యాహ్నం 1:25

గులాబీకి, మల్లెకు రాగి మహారాజులా సరిపోతుంది. కన్నౌజ్ వాళ్ళ భప్కాలో ముందే గంధం నూనె ఉంటుంది, పూల వాసన దానిలోకి ఎక్కుతుంది. నిమ్మగడ్డి సంగతి వేరు. ఆ నూనెలో ముప్పాతిక దాకా సిట్రాల్, నిమ్మ వాసన ఇచ్చేది అదే, అది రాగిని తాకితే రంగు ఎక్కుతుంది. ఆకుపచ్చగా తిరిగిన నూనెను కొనేవాడు పక్కన పెడతాడు. దీనికి స్టీలే సరి.

గట్టుమీద_గడ్డి | ఆదివారం సాయంత్రం 6:50

అందరి మాట విన్న. గడ్డి ముట్టలేదు. పొద్దంత వట్టి నీళ్ళే.

స్టీలుపని అన్న చెప్పినట్టే గుడ్డ నల్లగ వచ్చింది, ఒకటి కాదు, మూడు గుడ్డలు. వెనిగర్ వాయి నీళ్ళ మీద నూనె పొర లెక్క రంగురంగులు తేలినయి. గడ్డి వేసి ఉంటే అదే నా మొదటి నూనె అనుకుని సీసాల పోసుకునేదాన్ని!

తర్వాత మంచినీళ్ళ వాయి, లెక్కలతోటి. 6 లీటర్లు పోసిన, నీళ్ళు 24 డిగ్రీలు. మంట పూర్తిగ పెడితే 30 నిమిషాలకు మొదటి చుక్క. ఆ తర్వాత నిమిషానికి 30 మి.లీ. లెక్కన వచ్చింది. మైదా బాగనే పట్టుకుంది, ఒక్క దగ్గర బుస్సుమన్నది, తడి పిండి అద్దితే ఆగింది.

కష్టం చల్లార్చే దగ్గర వచ్చింది. 20 లీటర్ల బకెట్, అందుల కూలరు మోటరు పెట్టి నీళ్ళు తిప్పిన. మొదట బయటికొచ్చే నీళ్ళు చల్లగున్నయి. లీటరు నిండే సరికి గొట్టం చివర ఆవిరి పొగ వస్తున్నది. బకెట్ల చెయ్యి పెడితే చురుక్కుమన్నది, థర్మామీటరు 54 చూపెట్టింది. గొట్టం పొడవు చాలదా? ఇంకో రెండడుగులు అతికించమందునా?

మా అత్తమ్మకు మాత్రం పండగ. ఆ బకెట్ తీస్కపోయి స్నానం చేసింది.

ఇంకొకటి. వచ్చిన నీళ్ళు మా ఆయన ఇన్వర్టరు బ్యాటరీల పోస్తా అంటున్నడు. పోయొచ్చునా?

రసాయనం_మాస్టారు | ఆదివారం రాత్రి 7:45

గొట్టం తప్పేం లేదు. ఇది మీరే పిల్లలకు చెప్పే పాఠం: గ్రాము ఆవిరి నీరు కావాలంటే 540 కేలరీలు వదలాలి. 100 నుంచి 40కి చల్లబడ్డానికి ఇంకో 60. మొత్తం 600. అంటే లీటరు దిగేసరికి 600 కిలోకేలరీలు మీ బకెట్‌లోకి చేరాయి. 20 లీటర్ల నీటికి అవి పంచితే 30 డిగ్రీలు. 24కు 30 కలపండి.

గట్టుమీద_గడ్డి | ఆదివారం రాత్రి 7:58

54. సార్, సిగ్గుతోటి చచ్చిపోత. పోయిన నెలనే బోర్డు మీద రాసిన గుప్తోష్ణం.

రసాయనం_మాస్టారు | ఆదివారం రాత్రి 8:20

బోర్డు మీద కాలదు కదమ్మా. 200 లీటర్ల నీలం డ్రమ్ము పెట్టుకోండి, లీటరుకు 3 డిగ్రీలే పెరుగుతుంది. ఇంకోటి, చల్లనీళ్ళు గొట్టానికి ఏ వైపు నుంచి ఎక్కిస్తున్నారు?

బ్యాటరీలో ఈ నీళ్ళు వద్దు. కొత్త గుండిగ, వెనిగర్ నడిచిన గొట్టం. ఆమ్లం, లోహం ఏ కొంచెమున్నా బ్యాటరీకి చేటే. గడ్డి వాయి నడిచాక అసలే వద్దు.

గట్టుమీద_గడ్డి | ఆదివారం రాత్రి 8:31

పై నుంచి ఎక్కించి కింద నుంచి తీస్తున్న. నీళ్ళు కిందికే పారుతయి గదా అని.

స్టీలుపని | ఆదివారం రాత్రి 8:50

తిరగెయ్యండి. కింద నుంచి ఎక్కాలి, పై నుంచి పోవాలి. పై నుంచి పోస్తే నీళ్ళు ఒక గోడ పట్టుకుని జారిపోతాయి, మిగతా అంతా గాలే. కింద నుంచి నింపితే గొట్టం నిండుగా ఉంటుంది, పైగా చివరి చుక్కకు అన్నిటికన్నా చల్లటి నీళ్ళు తగులుతాయి. ఇది నేను అమ్మేటప్పుడు ప్రతివాళ్ళకీ మార్కరుతో బాణం గుర్తు వేసి ఇస్తాను. మీకు చేసిన ఆయన వేసి ఉండాల్సింది.

కడపోడు | ఆదివారం రాత్రి 9:15

మాస్టారూ, నాకొక సందేహం శానా దినాల నుంచి ఉండాది. ఆ సిట్రాల్ మరిగేది 229 డిగ్రీల దగ్గర అని ఎక్కడో చదివినా. మన గుండిగ 100 దాటదు. మరి నూనె పైకెట్లొస్తాది? ఆవిరి మోసుకొస్తాదా గాలి దుమ్మును మోసినట్ల?

రసాయనం_మాస్టారు | ఆదివారం రాత్రి 9:50

మోసుకురావడం కాదు. కలవని ద్రవాలు రెండు ఒకే కుండలో ఉంటే దేని ఆవిరి ఒత్తిడి దానిదే, ఒకదాన్నొకటి తగ్గించుకోవు. రెండింటి ఒత్తిడీ కూడితే బయటి గాలి ఒత్తిడికి సమానమైన చోట రెండూ కలిసి మరుగుతాయి. నీళ్ళ ఒత్తిడే 100 దగ్గర సరిపోతుంది, నూనెది కాస్త తోడయ్యేసరికి 100కి కొంచెం ముందే ఆ పని అయిపోతుంది. నూనె వంతు చాలా తక్కువ, అందుకే లీటర్ల కొద్దీ నీళ్ళు వస్తే పైన ఇంత తెట్టు. ఇద్దరు కూలీలు కలిసి ఎత్తితే లేచే బస్తా అనుకోండి, అందులో ఒకడు పిల్లాడు.

కడపోడు | ఆదివారం రాత్రి 9:55

ఇప్పుడర్థమాయె.

ఆవిరికుండ | నిర్వాహకులు | సోమవారం ఉదయం 6:30

టీచరు గారూ, ఇప్పుడు గడ్డి పెట్టొచ్చు. పొద్దున్నే మంచు ఆరాక కొయ్యండి, ఒక రోజు నీడలో పల్చగా పరిచి వాడనివ్వండి. కుప్ప వెయ్యకండి, లోపల వేడెక్కి పులుస్తుంది. నాలుగు కిలోలకు ఎంత వస్తుందని ముందే లెక్క వేసుకుని ఆశ పెట్టుకోకండి. పొలంలో పెద్ద బట్టీలకు పచ్చిగడ్డి బరువులో అర శాతం పైన వస్తే బాగా వచ్చినట్టు. ఆ లెక్కన మీకు 20 మి.లీ. రావాలి. మొదటిసారి రాదు.

గట్టుమీద_గడ్డి | బుధవారం రాత్రి 9:20

రాలేదు. 6 మి.లీ.

వరుసగ చెప్త. 4 కిలోలు, ఒక రోజు ఆరబెట్టిన. గడ్డిని జానెడు జానెడు కోసి గుండిగల పడేసిన, 6 లీటర్ల నీళ్ళు. డ్రమ్ము పెట్టిన, గొట్టం తిరగేసిన. 45 నిమిషాలకు మొదటి చుక్క. ఆ వాసన! పక్కింటోళ్ళే కాదు, బస్టాపు దగ్గరున్నోళ్ళు కూడ వచ్చి చూసి పోయిండ్రు. మంట తగ్గియ్యలేదు, రెండున్నర గంటలు నడిపిన. నాలుగున్నర లీటర్ల నీళ్ళు వచ్చినయి, పాల లెక్క తెల్లగ. పైన తేలింది గింతంత. సిరంజితో తీస్తే 6 మి.లీ., దానికి కూడ ఆఖరుకు కొంచెం మాడు వాసన.

ఆయన "ఎకరంన్నరకు సెంటు సీసా వచ్చింది" అన్నడు. నేనేం అనలేదు.

పన్నీటి_బుడ్డి | బుధవారం రాత్రి 9:48

గుండిగ ఖాళీ చేశారా? చేసేటప్పుడు గడ్డి ఎలా ఉందో చూశారా? అందరూ ముందుకెళ్ళి సీసా చూస్తారు, జవాబు మాత్రం వెనక గుండిగలో ఉంటుంది.

గట్టుమీద_గడ్డి | బుధవారం రాత్రి 10:15

ఇంకా పారెయ్యలేదు, ఇప్పుడే టార్చి పెట్టి చూసిన. నడుమ గడ్డి గోధుమ రంగుకు వచ్చి మెత్తగ ఉడికింది. అంచుల పొంట మాత్రం పచ్చగనే ఉంది! నలిపితే ఇంకా ఘాటు వాసన. అడుగు గడ్డి నీళ్ళల్ల నానినట్టుంది. పళ్ళెం చిల్లుల నుంచి ముక్కలు కింద పడి అడుగుకు అంటుకుని మాడినయి.

ఆవిరికుండ | నిర్వాహకులు | బుధవారం రాత్రి 10:40

దొరికింది. ఆవిరి సోమరిది, సందు ఉన్న చోటుకే పోతుంది. జానెడు ముక్కలు అడ్డదిడ్డంగా పడితే నడుమ చిమ్నీ తయారవుతుంది, ఆవిరంతా అందులోంచే పైకి. అంచుల్లో నూనె అంచుల్లోనే ఉండిపోయింది. నాలుగించుల ముక్కలు చెయ్యండి. కొంచెం కొంచెం వేస్తూ, ముందు అంచుల్లో అరచేత్తో నొక్కుతూ నింపండి. మరీ దట్టించెయ్యకండి, ఆవిరి ఎక్కాలి కదా.

వాసన బస్టాపు దాకా వెళ్ళిందన్నారు. మా దగ్గర ముసలాయన ఒకాయన బట్టీ నడిపేవారు, ఊళ్ళో వాసనొస్తే తిట్టేవారు: "వాసన బయటకొచ్చినాదంటే నూనె బయటకెళ్ళిపోనాదన్నమాటే." మూత దగ్గర మళ్ళీ చూడండి.

స్టీలుపని | బుధవారం రాత్రి 10:58

నాలుగించుల పళ్ళెం కింద 6 లీటర్లు ఎక్కువండి. మీ గుండిగ అడ్డకొలత అడుగు ఉంటుందనుకుంటా, అంటే నీళ్ళు మూడించుల పైకి వస్తాయి. కుతకుతలాడితే గడ్డిని తాకుతాయి. 5 లీటర్లు చాలు. పళ్ళెం మీద సన్నజల్లి స్టీలు వల ఒకటి పరవండి, ముక్కలు కింద పడవు.

రసాయనం_మాస్టారు | గురువారం ఉదయం 5:50

పాల రంగు సంగతి నేను చెబుతాను. మీ నూనె చాలావరకు ఆ నాలుగున్నర లీటర్లలోనే సన్నటి తుంపరగా తేలుతోంది. నిమిషానికి 30 మి.లీ. మీ రెండడుగుల గొట్టానికి ఎక్కువ. వేడిగా, వడిగా వచ్చి పడితే నూనె చుక్కలు నలిగిపోతాయి, కలుసుకోవడానికి తీరిక ఉండదు. మొదటి చుక్క పడగానే మంట సగానికి దించండి. నిమిషానికి 15 నుంచి 18. బయటికొచ్చేది చేతికి గోరువెచ్చగా మించకూడదు. నూనె ఎక్కువ భాగం మొదటి గంటలోనే వస్తుంది, రెండు గంటలకు ఆపండి. మాడు వాసన ఆఖరి అరగంట చలవే.

ఆ నీళ్ళు పారబోశారా?

గట్టుమీద_గడ్డి | గురువారం ఉదయం 6:20

లేదు సార్. పారబొయ్యనీకె మనసొప్పలేదు.

రసాయనం_మాస్టారు | గురువారం ఉదయం 6:32

మంచి పని చేశారు. ఒక రాత్రి కదపకుండా ఉంచండి, ఇంకొంత తేలుతుంది. తేలింది తీసుకుని, ఆ నీటిలో రెండు లీటర్లు తర్వాతి వాయికి గుండిగలో మామూలు నీళ్ళతో కలిపి పోయండి. ఒకసారి నూనె పీల్చుకున్న నీరు మళ్ళీ అంత పీల్చుకోదు.

కివీ_పిట్ట | గురువారం ఉదయం 7:10

నూనె తీయడానికి సిరంజి బాధ ఎందుకండీ? సన్నమెడ గాజుసీసా తీసుకుని గొంతు దాకా నీళ్ళు నింపితే నూనె మెడలోకి చేరి పట్టీలా కనబడుతుంది, అప్పుడు ఒక్క గుంజుడు చాలు. నిమ్మగడ్డి నూనె నీళ్ళకన్నా తేలిక కాబట్టి పని సులువు. లవంగం అయితే అడుగుకు దిగుతుంది, అప్పుడు తలకిందులు లెక్క.

ప్లాస్టిక్ సీసా మాత్రం వద్దు. మూత లోపలి పొర కూడా మెత్తబడి జిగురైపోతుంది. ముదురు రంగు గాజు, నిండా నింపి.

వట్టివేరు_ఇసుక | గురువారం మధ్యాహ్నం 2:40

మీరంతా అదృష్టవంతులు, రెండు గంటల్లో తేలిపోతుంది. నా వట్టివేరుకు పద్దెనిమిది గంటలు పొయ్యి దగ్గర కూర్చోవాలి, వచ్చిన నూనె బరువు దాదాపు నీళ్ళంతే, తేలాలో మునగాలో దానికే తెలియదు. కొత్త బట్టీతో ఎవరూ వట్టివేరు మొదలుపెట్టకండి. నేను పెట్టాను.

ఇత్తడి_బిందె | గురువారం మధ్యాహ్నం 3:05

రాగిలో అయితే...

స్టీలుపని | గురువారం మధ్యాహ్నం 3:06

బాబాయ్.

గట్టుమీద_గడ్డి | ఆదివారం సాయంత్రం 5:15

రెండో గడ్డి వాయి. ఈసారి గడ్డి కోసింది మా ఆయన, నొక్కి నింపింది నేను.

గడ్డి 3.8 కిలోలు, నాలుగించుల ముక్కలు, పళ్ళెం మీద వల. నీళ్ళు 5 లీటర్లు, అందుల రెండు లీటర్లు పోయినసారి పాల నీళ్ళు. మూతకు మైదా రెండు వరసలు, రెండు క్లాంపులు. ఊది చూసిన, గాలి పోయింది. 42 నిమిషాలకు మొదటి చుక్క, అప్పుడే మంట దించిన. నిమిషానికి 16, 17 నడిచింది. బయటికొచ్చే నీళ్ళు 33 డిగ్రీలు, డ్రమ్ము మొదట 24, ఆఖరుకు 30. రెండు గంటలకు రెండు లీటర్లు. సార్ లెక్క పొల్లు పోలేదు.

ఈసారి పక్కింటి తాత రాలేదు. వాసనే పోలేదు ఆయన దాకా.

సీసా మెడల లేత పసుపు పట్టీ నిలబడ్డది. 19 మి.లీ. పోయినసారి పాల నీళ్ళ మీద తేలింది వేరే తీసిన, అది 3. గుండిగ విప్పితే గడ్డంత ఒక్కతీరు గోధుమ రంగు, అంచుల కూడ. ఆ గడ్డి ఎండబెట్టి పొయ్యిల పెట్టుకోవచ్చని ఎక్కడో చదివిన, బర్ల కిందికి వేస్తే దోమలు తక్కువైతయా అని కూడ చూస్త.

ఒక తప్పు చేసిన. చేతికి చుక్క పడితే వాసన చూసుకుంట మెడకు రుద్దుకున్న. అరగంట మండింది, ఎర్రగ అయింది.

పన్నీటి_బుడ్డి | ఆదివారం సాయంత్రం 5:40

19! శభాష్. నూనె నేరుగా చర్మానికి ఎప్పుడూ వద్దు, కొబ్బరినూనెలో చుక్క కలిపి వాడుకోవాలి. పడిన చోట కూడా ముందు ఏదైనా వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బు. వట్టి నీళ్ళు పోస్తే అది ఇంకా పాకుతుంది.

ఆవిరికుండ | నిర్వాహకులు | ఆదివారం సాయంత్రం 6:10

అర శాతం! పెద్ద బట్టీ వాళ్ళతో సమానం. అందులో కొంత పాత పాలనీళ్ళ పుణ్యం ఉంటుంది, ఇంకో రెండు వాయిలు వేసి చూస్తేగానీ మీ గడ్డి అసలు బలం తెలియదు. పిలకలు ఎక్కడివి తెచ్చారో గుర్తుందా? సీమ్యాప్ (వాసన మొక్కల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ 'కృష్ణ' రకం అయితే మంచిదే. మీకు హైదరాబాద్ బోడుప్పల్‌లో వాళ్ళ కేంద్రం దగ్గరే, ఎప్పుడైనా ఒక పూట వెళ్ళి వాళ్ళ బట్టీ చూసి రండి. అర టన్ను గడ్డి ఒకేసారి పట్టే గుండిగల ముందు నిలబడితే మన గుండిగ టీ గిన్నెలా కనిపిస్తుంది.

గట్టుమీద_గడ్డి | ఆదివారం రాత్రి 8:35

పిలకలు పక్కూరి రైతు ఇచ్చిండు, రకం పేరు ఆయనకు కూడ తెల్వదు. సంక్రాంతి సెలవులల్ల బోడుప్పల్ పోతం.

ఒక్క సమస్య మిగిలింది. డ్రమ్ము పెట్టినప్పటి సంది బకెట్ల వేడినీళ్ళు వస్తలేవని మా అత్తమ్మ అలిగింది. "మొదటిసారే మంచిగ నడిచింది, తర్వాత చెడగొట్టుకున్నరు" అంటున్నది.

కడపోడు | ఆదివారం రాత్రి 8:50

అత్తమ్మ మాట నిజమే కదక్కా. పై గొట్టం డ్రమ్ములోకి తిరిగి పోనీకుండా నేరుగా బకెట్లోకి పెట్టు.

రసాయనం_మాస్టారు | ఆదివారం రాత్రి 9:20

కుర్రాడు బాగానే చెప్పాడు. మీ వేగానికి నిమిషానికి సుమారు 10 కిలోకేలరీలు నీళ్ళలోకి పోతున్నాయి. నీళ్ళ ధారను నిమిషానికి అర లీటరుకు తగ్గించండి, 20 డిగ్రీలు పెరిగి 44 దగ్గర బయటికి వస్తాయి. 40 నిమిషాలకు బకెట్ నిండుతుంది. కింద నుంచి చల్లనీళ్ళే ఎక్కుతాయి కాబట్టి మీ చుక్కలకు ఇబ్బంది ఉండదు, అయినా సీసా దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి.

గట్టుమీద_గడ్డి | మంగళవారం రాత్రి 8:05

పొద్దున వాయికి పెట్టిన. 43. అత్తమ్మ మళ్ళ ఎప్పుడు కాస్తున్నవని అడిగింది.